నూలు చీర మెత్తబడాలంటే ఏళ్లు కట్టాలి

చీర మొత్తం ఒక్కసారిగా పాతబడదు. ముందు కూర్చునే చోట పలచబడుతుంది. తర్వాత కుచ్చిళ్ల అంచు కాళ్ల కింద పడి నలుగుతుంది. పైట మాత్రం చివరిదాకా బాగానే ఉంటుంది. అందుకే కట్టుకోవడానికి పనికిరాదని పక్కన పెట్టిన నూలు చీరలో కూడా సగానికి పైగా గుడ్డ గట్టిగానే ఉంటుంది. ఆ గుడ్డతో మా ఇంట్లో ఏమేం కుట్టుకున్నామో ఈసారి చెబుతాను. ఇవేవీ కుట్టుపని నేర్చుకున్నవాళ్లే చేయాల్సినవి కావు.

మొదట సులువైనది, దిండు గలీబు. మామూలు దిండు 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు ఉంటుంది. 19 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవుతో ఒకటే ముక్క కత్తిరించుకోండి. రెండు కొసలూ అంగుళం చొప్పున మడిచి కుట్టేయండి. ఇప్పుడు పొడవు 60 అంగుళాలు మిగిలింది కదా. మంచి వైపు లోపలికి వచ్చేలా 27 అంగుళాలు మడవండి, మిగిలిన 6 అంగుళాలను దాని మీదికి తిప్పండి. రెండు పక్కలా అర అంగుళం వదిలి కుట్టి, లోపలిది బయటికి తిప్పితే అయిపోయింది. గుండీలు, జిప్పు ఏమీ అక్కర్లేదు, దిండు జారిపోదు. చీర పన్నాలో ఇలాంటి ముక్కలు రెండు పక్కపక్కనే వస్తాయి. పలచబడ్డ చోటు వదిలేసినా చీరకు నాలుగు గలీబులు అవుతాయి.

రెండోది సంచి. మా చేవెళ్ల చుట్టుపక్కల కూరగాయల తోటలు, మొయినాబాద్ వైపు పోతే పూలతోటలు. సంచితో పని పడని రోజు ఉండదు. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు వాడకూడదని 2022 డిసెంబర్ 31 నుంచి నియమం కూడా ఉంది. అయిదు కిలోల టమాటాలకు చీర గుడ్డ ఆగదు. పాత ప్యాంటు గుడ్డయితే గట్టి. 16 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు చాలు. సంచులు ఎప్పుడూ పట్టీల దగ్గరే తెగుతాయి కాబట్టి పట్టీ కొసను రెండు అంగుళాలు సంచి లోపలికి పెట్టి, నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టండి.

మూడోది బొంత. దీనికి మాత్రం మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది.

మా అత్తమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె నేత చీరలు ఏడు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మొయినాబాద్‌లో ఉండే మా అమ్మాయికి ఏడో నెల రాగానే వాటితో పుట్టబోయే బిడ్డకు బొంతలు కుడదామనుకున్నాను. మా ఆయన "అమ్మ చీరకు కత్తెర పెడ్తవా?" అన్నాడు. అమ్మాయేమో "అన్నీ ఆన్‌లైన్‌ల దొరుకుతున్నయి గదా అమ్మా, పాతయి ఎందుకు? వాటిల కలరా ఉండలు గిట్ల వేసిన్రా?" అని అడిగింది.

అది అడగాల్సిన మాటే. కలరా ఉండలు వేసి దాచిన బట్టలు పసిబిడ్డలకు మంచివి కావు. వాటిలోని నాఫ్తలీన్ వల్ల కొందరు పసిపిల్లల్లో రక్తకణాలు దెబ్బతిని కామెర్లు ముదురుతాయి. మా అత్తమ్మ ఎప్పుడూ ఎండు వేపాకే వేసేది. అయినా చీరలను వేడినీళ్లలో ఉడికించి, రెండు రోజులు ఎండలో ఆరేశాను.

మా ఆయనతో వాదన పెట్టుకోలేదు. మూడు చీరలు మడత విప్పకుండా ఆయన బీరువాలో పెట్టి, నాలుగు బయట ఉంచాను. మర్నాడు పొద్దున చూస్తే ఆ నాలుగింటికీ ఫాల్ కుట్లు విప్పుతూ కూర్చున్నాడు.

చంటిబిడ్డ బొంతకు మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు చాలు. నాలుగు పొరలు పరిచి, ముడతలు లేకుండా చేత్తో సర్ది, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. తర్వాత నూలు దారంతో నడిమి నుంచి అంచులకు వరసలు కుట్టాలి. ముడి పొరల మధ్యలోకి పోవాలి, బిడ్డ ఒంటికి తగలకూడదు. జరీ అంచు, లేసు, గుండీలు వద్దు. రంగు దిగే చీర అసలే వద్దు. బొంత బిడ్డ కిందికే, ముఖం దగ్గర కుప్పగా వేయకూడదు.

పుట్టిన బిడ్డను పాత గుడ్డలోనే పడుకోబెట్టడం మన పెద్దల పద్ధతి. కొత్త గుడ్డలోని గంజి, గరుకు ఆ లేత ఒంటికి పడవు. ఇది మన ఒక్క ఊరి పద్ధతి కూడా కాదు. మర్రిచెట్ల నడుమ నుంచి పోయే మా బీజాపూర్ రోడ్డు పట్టుకుని పోతే కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. మహారాష్ట్రలో గోధడి, బెంగాల్‌లో కాంథా. పేరు ఏదైనా అన్నిచోట్లా పాత చీరలే.

కుడుతున్నప్పుడే నాకు ఒక లెక్క తోచింది. మా అత్తమ్మ పెట్టెలో ఏడు నూలు చీరలున్నాయి. నా బీరువాలో ముప్పై పైనే ఉన్నాయి కానీ నూలువి నాలుగే. తక్కినవన్నీ ఉతికితే చాలు, ఇస్త్రీ అక్కర్లేదని కొన్నవి. అవి చిరగవు, మెత్తబడవు, చెమట పీల్చవు. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

బొంత కుట్టడం నాలుగు మధ్యాహ్నాల పని. దాని గుడ్డ తయారవడానికి మాత్రం పదిహేనేళ్లు పడుతుంది. ఒకామె రోజూ కట్టి, ఉతికి, ఆరేసి, మళ్లీ కడితేనే ఆ మెత్తదనం వస్తుంది. అది ఆన్‌లైన్‌లో దొరకదు. అందుకే ఏడాదికి రెండు నేత చీరలు కొని, పండక్కని దాచకుండా ఇంట్లోనే కట్టాలని నిర్ణయించుకున్నాను. ఇస్త్రీ లేకపోయినా సరే. మా అమ్మాయికీ ఒకటి కొనిపెట్టాను. "ఇది ఎవరి బొంతకమ్మా?" అని నవ్వింది. ఎవరిదో తెలియడానికి ఇంకా ఇరవై ఏళ్లు పడుతుంది. చీర మాత్రం ఇప్పటి నుంచే కట్టాలి.