ఆఖరి నెంబర్

నాకు పన్నెండేళ్లు నిండిన ఏడాది, రంజాన్ పండగ అయ్యాక, మా అబ్బా నా సైకిల్‌ని మామూ కొడుక్కి ఇచ్చేశారు. ఎవరూ తిట్టలేదు. "బడీ హోగయీ బేటీ, లోగ్ క్యా కహేంగే" అని దాదీమా ఒక్క మాట అంది. అంతే.

ఆ సైకిల్ నాకు మళ్లీ గుర్తొచ్చింది 2021 జూలై 28న. టీవీలో టోక్యో ఒలింపిక్స్, ఆడవాళ్ల టైమ్ ట్రయల్. ఇందులో గుంపుగా తొక్కరు, ఒక్కొక్కరే బయల్దేరతారు. ముందున్నవాళ్ల వెనక చేరి గాలి తప్పించుకునే వీలు లేదు. ముకాబలా అంతా గడియారంతోనే. ఫ్యూజీ స్పీడ్‌వేలో 22.1 కిలోమీటర్లు, మొత్తం 25 మంది.

వాళ్లలో ఒకమ్మాయి మాసూమా అలీజాదా. అఫ్ఘానిస్తాన్ హజారా బిడ్డ. హెల్మెట్ కింద తలకి గుడ్డ కట్టుకుని, శరణార్థుల జట్టు తరఫున దిగింది. చిన్నతనం ఇరాన్‌లో పనాహ్ కింద గడిచింది. కాబూల్‌కి తిరిగొచ్చి సైకిల్ ఎక్కితే రాళ్లు పడ్డాయి. 2017లో ఇంటిల్లిపాదీ ఫ్రాన్స్ చేరారు. అక్కడ ఇంజనీరింగ్ చదువుకుంటూనే సాధన చేసింది.

గెలిచిన డచ్ ఆమె వాన్ వ్లూటెన్‌కి 30 నిమిషాల 13 సెకన్లు పట్టింది. మాసూమాకి 44 నిమిషాల 4 సెకన్లు. 25వ స్థానం. ఆఖరు.

"అమ్మీ, ఆమె లాస్ట్ వచ్చింది కదా, నువ్వెందుకు ఏడుస్తున్నావ్?" అంది నా కూతురు. దానికప్పుడు తొమ్మిదేళ్లు. జవాబు చెప్పలేకపోయాను. లాస్ట్ ఎవరో తేల్చాలంటే, అసలు గీత దాకా రానివ్వనివాళ్లని కూడా లెక్కెయ్యాలి కదా. ఆ లెక్కలో నా నెంబర్ ఎంతో!

మూడు వారాలు తిరక్కుండానే కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. ఫార్యాబ్‌లో దొంగచాటుగా సైకిల్ నేర్చుకున్న హాషిమీ అక్కచెల్లెళ్లు ఫరీబా, యుల్దూజ్ వతన్ వదిలి ఇటలీ చేరారు. 2024లో పారిస్ ఒలింపిక్స్ రోడ్ రేస్‌లో తమ ముల్క్ పేరు మీదే తొక్కారు. ఆ ముల్క్‌లో మాత్రం ఆడపిల్లలకి ఆటలు బంద్.

మా దాదీమా దీన్ పేరు ఎత్తలేదు. "లోగ్" అనే అంది. నా సైకిల్‌ని ఆపింది మజహబ్ కాదు, మొహల్లా. ఇది నాకు అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు నా కూతురికి పదమూడు. ట్యూషన్‌కి సైకిల్ కావాలంది. "ట్రాఫిక్ ఎక్కువ బేటా" అన్నాను వెంటనే. అన్నాక సిగ్గేసింది. నేను కూడా అదే మాటని ఇంకో బట్ట తొడిగి అన్నాను.

పోయిన నెల సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి కొన్నాం. ఫజర్ తర్వాత ఈద్‌గా మైదాన్‌లో తొక్కుతోంది. మొన్న అబ్బా మా ఇంటికొచ్చారు. వాకిట్లో సైకిల్ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. నా గుండె దడదడ. చివరికి వంగి, వెనక టైరుని బొటనవేలితో నొక్కి చూశారు.

"హవా తక్కువుంది, కొట్టించమ్మా" అన్నారు.