సున్నా దాకా పోనీయకుండా

మా బడిలో ఎనిమిదో తరగతి కిటికీకి ఒక అద్దం లేదు. దాని చోట అట్టముక్క ఉంది. ఆ అట్ట పెట్టినవాడి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం.

శ్రీహరికోటకి పోయే దారిలో, పులికాట్ ఇవతల మా బడి. పిల్లల్లో యానాదులు ఎక్కువ. మేమూ యానాదులమే. రాకెట్ కేంద్రం కోసం దీవి వదిలి వచ్చిన కుటుంబాల మనవళ్లు కూడా మా దగ్గర చదువుతున్నారు. 1971 అక్టోబరులో అక్కడ మొదటి రోహిణి రాకెట్ ఎగిరేనాటికి వీళ్ల తాతలు చిన్నపిల్లలు.

ఆ రోజు భోజనం గంటకి ముందు లెక్కల పీరియడ్. పదమూడేళ్ల పిల్లోడు. పక్కవాడు వీడి కంపాస్ బాక్సు దాచాడు. ఇవ్వరా అంటే, "ఎలకలు పట్టేవాడికి కంపాస్ ఎందుకురా" అన్నాడు. అంతే. బెంచీ మీదున్న స్టీలు పళ్లెం గాల్లోకి లేచింది. అది ఆ పిల్లోడి తలకి జానెడు దూరంలో పోయి అద్దానికి తగిలింది. విసిరినవాడు బయటికి పరుగెత్తి సరుగుడు చెట్ల వెనక కూర్చున్నాడు.

స్టాఫ్ రూములో టీసీ మాట వచ్చింది. "ఆ జాతి కోపమే అంత" అని ఒకరన్నారు. మేము అక్కడే ఉన్నాం. నోరు విప్పలేదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మా వాళ్ల మీద నేరస్థ జాతి అనే ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో పోయింది. ముద్ర మాత్రం మాటల్లో మిగిలే ఉంది. అది తెలిసీ ఊరుకున్నాం. అంతకుముందు వారం మేమే వాణ్ణి అందరి ముందూ "నీకు బుద్ధి రాదురా" అని ఉన్నాం. ఏ ముఖంతో మాట్లాడతాం?

టీసీ ఆగింది మా మంచితనం వల్ల కాదు. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. 17వ సెక్షన్ ప్రకారం కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. మాటతో పొడవడం కూడా వేధింపే. యువ టీచర్లు ఈ రెండు సెక్షన్లూ నోటికి ఉంచుకోండి.

వాళ్లమ్మ ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చింది. "అయ్యోరా, వాడికి కోపమొస్తే కళ్లు కనపడవు. ఆనక కూసోని ఏడస్తానే ఉంటాడు. పొగరుబోతోడు ఏడస్తాడా?" అని అడిగింది. టీటీసీలో మేము చదివిన మనస్తత్వశాస్త్రం పుస్తకమంతా కలిపినా ఆ ప్రశ్నంత పని చేయలేదు.

ఆమె చెప్పింది రాసుకున్నాం. నాలుగైదేళ్ల వయసు నుంచీ ఒకచోట కూర్చోడు. చెప్పిన పని సగంలో వదిలేస్తాడు. వస్తువులు పారేసుకుంటాడు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్తాడు. ఇంట్లోనూ అంతే, బడిలోనూ అంతే. తాయెత్తు కట్టించారు. అందులో తప్పు పట్టడానికి ఏముంది, తల్లి కదా. కానీ డాక్టరుకు చూపించమని చెప్పాల్సిన మేము ఆ మాట చెప్పలేదు.

దీనికి ఏడీహెచ్‌డీ అని పేరు. శ్రద్ధ నిలవకపోవడం, కాలు నిలవకపోవడం, ఆలోచించేలోపే పని జరిగిపోవడం దీని లక్షణాలు. పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా, ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనిపిస్తేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. పేరు పెట్టడం మన పని కాదు. ఆకలితో వచ్చే పిల్లలున్నారు, నిద్ర లేని పిల్లలున్నారు, చెవి సరిగా వినపడనివాళ్లున్నారు, తిట్లు పడీ పడీ రగిలిపోయేవాళ్లున్నారు. కోపం వచ్చిన ప్రతి పిల్లకీ ఈ పేరు తగిలిస్తే అదీ ఇంకో ముద్రే.

జబ్బు నిర్ణయించే లక్షణాల్లో కోపం లేదు. కానీ ఇది ఉన్న చాలామంది పిల్లల్లో కోపం, దుఃఖం, సంతోషం అన్నీ ఒక్కసారిగా పొంగుతాయి, తగ్గడానికి ఎక్కువసేపు పడుతుంది. సైకిలు అందరిలాంటిదే, బ్రేకు మాత్రం ఆలస్యంగా పడుతుంది. "పులికాట్‌లో చేత్తో తడిమి రొయ్యలు పట్టేటప్పుడు గంటలకొద్దీ నిలుస్తాడే, లెక్కల్లో ఎందుకు నిలవడు? పొగరు కాదా?" అని అడిగారు. కాదు. నీళ్లలో చెయ్యి పెడితే ఫలితం అప్పుడే చేతికి తగులుతుంది. లెక్కల ఫలితం పరీక్షలప్పుడు వస్తుంది. అంత దూరం ఈ పిల్లలకి కనపడదు.

బడులకు వచ్చే ఆరోగ్య బృందం ద్వారా వాణ్ణి జిల్లా ఆసుపత్రికి పంపాం. ఆర్‌బీఎస్‌కే పథకం 2013 నుంచి ఉంది, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకి పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. మానసిక వైద్యులు తల్లిని అడిగారు, మా చేత కూడా ఒక ఫారం నింపించారు. మందు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు తేలుస్తారు. ఇస్తే సిగ్గుపడొద్దు, మనంతట మనం ఆపొద్దు. అంత దూరం పోలేనివాళ్లు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, డబ్బులు పడవు.

ఆసుపత్రి నుంచి వచ్చాక రోజుకి ఆరు గంటలు వాడు మాతోనే కదా. కోపం వచ్చినప్పుడు పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాం. రెండు రోజులు చూసి వాడే అన్నాడు, "సార్, సున్నా దగ్గర రాకెట్ లేస్తది కదా!" తరగతంతా నవ్వింది. మేమూ నవ్వాం. రాకెట్లు చూస్తూ పెరిగిన పిల్లోడికి కౌంట్‌డౌన్ అంటే మంట దగ్గరపడటమే.

దారి వాడి మాటలోనే దొరికింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం సరిగ్గా ఐదు సెకన్ల ముందు ఆగిపోయింది. ఏదో తేడా కనపడగానే కంప్యూటరే హోల్డ్ అంది. సరిచూసుకుని అదే ఉదయం పది గంటలకి ఎగిరింది. మా పిల్లలకి ఆ కథ బాగా తెలుసు. కాబట్టి "హోల్డ్" మా తరగతి మాటయింది. వాడు ఆ మాట అంటే ఎవరూ ప్రశ్న వేయకూడదు. లేచి బోరింగు దాకా పోయి, ముఖం కడుక్కుని, వెనక్కి రావాలి. వాడికి తెలియకముందే మాకు తెలిసేది. చెవులు ఎర్రబడతాయి, పెన్సిలుతో బెంచీని గీకుతాడు. అప్పుడు మేమే మెల్లగా అనేవాళ్లం.

పొంగిన తర్వాత మాత్రం ఏం చెప్పినా వినపడదు. మేము పదేళ్లుగా చేస్తున్న తప్పు అదే. మంట మీద నిలబడి నీతులు చెప్పాం. ఇప్పుడు ఆ సమయంలో పక్కవాళ్లని దూరంగా జరిపి, గొంతు తగ్గించి ఊరుకుంటాం. మాట్లాడేది మర్నాడు. ఏం జరిగింది, ముందు ఒంట్లో ఏమనిపించింది, ఎవరికి దెబ్బ తగిలింది, ఇప్పుడు ఏం బాగుచేయాలి, ఇవే అడుగుతాం. కోపం రావడం తప్పని చెప్పం. పళ్లెం విసరడం తప్పని చెప్తాం. గాజుముక్కలు మేము ఊడ్చాం, చేతులు కోసుకుంటాయని వాణ్ణి ఊడ్వనీయలేదు. అట్ట కోసి, మేకులు కొట్టింది వాడే. ఎలకల మాట అన్నవాడితో కూడా విడిగా కూర్చున్నాం. ఒక్కడి కోపానికే వైద్యం చేసి, దాన్ని రాజేసిన మాటని వదిలేస్తే అది న్యాయం కాదు.

మిగతావి చిన్న మార్పులు. ముందు బెంచీ. పది లెక్కలు ఒకేసారి కాకుండా మూడు మూడు. సుద్దముక్కలు తేవడం, నీళ్ల బిందె నింపడం వాడి పని. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన రోజులు చీటీలో రాసి చూశాం. గొడవల్లో ఎక్కువ ఆ రోజులవే. అప్పటినుంచి మా డబ్బాలో బెల్లం, వేరుశనగలు ఉంటున్నాయి.

ఇప్పుడు వాడు పదో తరగతి. అంతా కుదిరిందని రాస్తే అబద్ధం. పోయిన నెల బయట ఆటలో ఒకణ్ణి కొట్టి వచ్చాడు. వాడంతట వాడే వచ్చి చెప్పాడు. "హోల్డ్ అనేలోపే అయిపోయింది సార్" అన్నాడు. మర్నాడు ఇద్దరం కలిసి ఆ పిల్లోడి ఇంటికి పోయొచ్చాం.

కొత్త అద్దం కోసం రాసిన అర్జీ ఇంకా తేలలేదు. ఆ అట్ట పక్కనే ఒక ఆడపిల్ల కూర్చుంటుంది. అల్లరి చేయదు. కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, పుస్తకం రెండుసార్లు పారేసుకుంది, ఎవరైనా గట్టిగా అంటే పీరియడంతా ఏడుస్తుంది. ఇన్నాళ్లూ నెమ్మదైన పిల్ల అనుకున్నాం. ఈసారి ఆరోగ్య బృందం వచ్చేలోపు వాళ్లమ్మతో మాట్లాడాలి.