వాచ్‌మన్‌ని అడిగి పెట్టించిన ఫైబర్

ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నందుకు చుట్టాల్లో నాకు దక్కిన గౌరవం ఒక్కటే. ఎవరింట్లో ఏ వైరు తెగినా, ఏ లైటు ఎర్రగా వెలిగినా ఫోన్ నాకే వస్తుంది. ఈ రెండేళ్లలో అందరూ ఎక్కువగా అడిగింది మాత్రం ఇదే: "ఒరేయ్, ఇంటికి ఏ నెట్ పెట్టించుకోమంటావు?" ఒంగోలు పిన్ని అడిగింది, కూకట్‌పల్లి బావ అడిగాడు. ఏదో ఒక కంపెనీ పేరు చెప్తానని ఎదురుచూస్తారు. నేనేమో "మీ పక్కింటి వాళ్లది ఏది? వాన పడితే పోతుందా?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. "తెలీదని చెప్పొచ్చుగా" అని బావ ఫోన్ పెట్టేశాడు కూడా.

మొన్న జూన్‌లో ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. మియాపూర్ నుంచి నిజాంపేటలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి మారాం. నా సంగతి సరే, వారంలో మూడు రోజులు ఎలాగూ ఆఫీసుకే వెళ్తాను. అసలు అవసరం మా ఆవిడది. తను మెడికల్ కోడింగ్ చేస్తుంది. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి ఒక్కో రోగానికీ, ఒక్కో చికిత్సకీ కోడ్ వేసే పని. రోజుకిన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది. ఇంటి నుంచి చేసుకోవచ్చన్నారు గానీ షరతులు పెట్టారు. సిస్టమ్‌కి వైఫై పనికిరాదు, కేబుల్‌తోనే నెట్ రావాలి. నెలలో మూడుసార్లకి మించి నెట్ పోయి లాగౌట్ అయితే ఆఫీసుకి రావాల్సిందే.

ఆఫీసు ఉప్పల్‌లో. మా పాపకి ఎనిమిది నెలలు. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి వెళ్లినా, ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే రానూపోనూ మూడు గంటలు. అంటే నెట్ సరిగ్గా లేకపోతే తను ఉద్యోగం మానేయడమే. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ గురించి ఇంత సీరియస్‌గా ఆలోచిస్తారా అని నవ్వే వాళ్లుంటారు. మా ఇంట్లో సగం జీతం ఆ సన్నటి తీగ మీద వేలాడుతోంది మరి.

మియాపూర్‌లో మాది పేరున్న కంపెనీయే. 300 ఎంబీపీఎస్ ప్లాన్. ఏప్రిల్‌లో ఒకసారి దాదాపు రెండు రోజులు నెట్ లేదు. కంప్లయింట్ పెడితే గంటలో "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది, బాక్సులో ఎర్రలైటు మాత్రం అలాగే ఉంది. ఏ కంపెనీయో చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు. ఎందుకంటే కొండాపూర్‌లో మా ఫ్రెండ్ అదే కంపెనీ నెట్ నాలుగేళ్లుగా హాయిగా వాడుతున్నాడు. కంపెనీ ఒకటే, వీధులు వేరు.

అందుకే ఈసారి ముందు వీధి చూద్దామనుకున్నా. స్పీడు లెక్క పది నిమిషాల్లో తేలిపోయింది కాబట్టి కూడా. 4కే వీడియోకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. మామూలు హెచ్‌డీకి 5 చాలు. ఒక వీడియో కాల్‌కి మూడో నాలుగో. తను ఆఫీసు సిస్టమ్‌లోకి లాగిన్ అయి చేసే పనికి అంతకూడా అక్కర్లేదు. నా కాల్, తన పని, హాల్లో అత్తయ్య సీరియల్, పాప నిద్రపోవడానికి యూట్యూబ్‌లో లాలిపాట, అన్నీ ఒకేసారి నడిచినా 40 దాటదు. 100 ఎంబీపీఎస్ మాకు ఎక్కువే. హైదరాబాద్‌లో యాక్ట్ వాళ్లు 1 జీబీపీఎస్ ప్లాన్ 2017లోనే తెచ్చారు. ఇన్నేళ్లలో నాకు తెలిసిన ఇళ్లలో దాని అవసరం నిజంగా పడ్డది ఒక్కటే, అది కూడా వీడియో ఎడిటర్‌ది.

ఇక్కడో మాట. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 ఎంబీ సినిమా దిగుతుందని కాదు. ప్లాన్‌లో లెక్క బిట్లలో ఉంటుంది, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. ఎనిమిదితో భాగించాలి. 12.5 ఎంబీ వస్తే మీ నెట్ మాట నిలబెట్టుకున్నట్టే. "మోసం చేశార్రా" అని పిన్ని కొడుకు ఓసారి గంట గొడవపడ్డాక ఇది చెప్పాల్సి వచ్చింది.

"అన్‌లిమిటెడ్" అన్న మాటకీ ఒక లెక్కుంది. పెద్ద కంపెనీల ప్లాన్లలో నెలకి 3300 జీబీ దగ్గర ఒక గీత ఉంటుంది, అది దాటితే స్పీడు తగ్గుతుంది. రోజుకి 110 జీబీ అన్నమాట. గంటకి 7 జీబీ తినే 4కే సినిమాలు రోజుకి పదిహేను గంటలు చూస్తేగానీ అది అయిపోదు. కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కొందరు చిన్న ఆపరేటర్ల ప్లాన్లలో గీత ఇంకా కిందే ఉంటుంది, అక్కడ అడగాలి.

మరి రాత్రి తొమ్మిదింటికి నెట్ ఎందుకు నీరసపడుతుంది? ఫైబర్ మన ఇంటికి విడిగా ఒక్కటే రాదు. ఎక్కువ చోట్ల వాడే జీపాన్ పద్ధతిలో ఒక తీగ మీద దాదాపు 2.5 జీబీపీఎస్ వస్తుంది. దాన్ని స్తంభం మీద చిన్న డబ్బాలో 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లకి 300 చొప్పున అమ్మితే 9600 అయింది. తీగలో ఉన్నది 2500. ఇది మోసమేం కాదు. పెళ్లికి వెయ్యి కార్డులు పంచి ఆరు వందల మందికి వండించినట్టే, అందరూ ఒకే బంతికి రారన్న నమ్మకం. ఆ నమ్మకం చాలాసార్లు నిజమే. ఆపరేటర్ తన పైవాడి దగ్గర కొనే బ్యాండ్‌విడ్త్‌లో పిసినారితనం చూపిస్తేనే అసలు గోల మొదలవుతుంది. అది ఏ ప్లాన్ కాగితం మీదా రాయరు. పక్కింటివాళ్లు మాత్రం చెప్తారు.

ఇక స్తంభాల సంగతి. మన దగ్గర చాలా వీధుల్లో ఫైబర్ భూమిలో ఉండదు, కరెంటు స్తంభాల మీద నల్లటి చిక్కుముడిలా వేలాడుతుంది. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం మొదలుపెట్టారు. చాలా ఏరియాల్లో ఇళ్లకి నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టుకి వెళ్లింది. నాకు నెట్ ముఖ్యమే గానీ, తలకి తగిలేట్టు వేలాడే వైర్లని వెనకేసుకు రాలేను. పాత కనెక్షన్లు ఎన్నో ఆగిపోయాక కూడా వాటి తీగలు అక్కడే ఉంటాయి, తీసేవాడుండడు.

ఆంధ్రాలో 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఊరూరికీ కరెంటు స్తంభాల మీదుగానే వెళ్లింది. 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ అంటే అప్పట్లో మా పిన్ని వాళ్ల వీధంతా దాని గురించే మాట్లాడుకున్నారు. తెలంగాణలో టీ-ఫైబర్‌కి మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాలు వాడుకున్నారు. ఒకే ఖర్చుతో రెండు పనులు, మంచి ఆలోచన. పట్నం వీధుల్లో మాత్రం ఇంకా గాలిలోనే.

ఫ్లాట్‌లో దిగిన రెండో రోజు గేటు దగ్గర గొడుగు వేసుకుని ఒక కంపెనీ కుర్రాడు కూర్చున్నాడు. "సార్, ఏడాదికి కడితే రెండు నెలలు ఫ్రీ, పద్నాలుగు ఓటీటీలు, రౌటర్ ఫ్రీ" అన్నాడు. "వైరు తెగితే ఎవరొస్తారు?" అనడిగా. "యాప్‌లో టికెట్ రెయిజ్ చేయాలి సార్" అన్నాడు. పాపం, అతని పని అమ్మడం వరకే.

అతన్ని వదిలేసి మా వాచ్‌మన్ దగ్గరికి వెళ్లా. అపార్ట్‌మెంట్‌లో ఏ నెట్ బాగుందో అతనికంటే ఎవరికీ తెలీదు. నిచ్చెన అడిగేది అతన్నే కదా.

"ఆ కంపెనీ పోరడు వారానికోసారి వస్తడు సార్" అన్నాడు.

వారానికోసారి వస్తాడంటే అన్నిసార్లు చెడిపోతుందనా, పిలిస్తే పలుకుతాడనా? అదే అడిగా. కాసేపు ఆలోచించి, "ఆయనవి ఎక్కువ చెడిపోతయ్. కానీ ఇంకో ఆయన ఉన్నడు, రెండు నెల్లకోసారి వస్తడు, కానీ ఫోన్ చేసిన్నాడే వస్తడు. మూడో కంపెనీది చెడిపోతె ఎవ్వరూ రారు, సారోళ్లే కంపెనీ మారుస్తరు" అన్నాడు. ఏ రివ్యూలోనూ ఇంత పద్ధతిగా విడదీసి రాసింది చూడలేదు.

ఆ రెండో ఆయన కేబుల్ టీవీ ఆపరేటర్. ఇప్పుడు చాలామంది కేబుల్ ఆపరేటర్లు ఇంకో పెద్ద సంస్థ నెట్‌ని తమ తీగ మీద ఇస్తున్నారు. ఊళ్లలో బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల ఇలాగే నడుస్తుంది. పేరు బీఎస్ఎన్ఎల్‌ది, తీగ వీధిలోని ఆపరేటర్‌ది, వచ్చిన డబ్బులో ఇద్దరికీ వాటా. ఆయన ఆఫీసు మా పక్క సందులో, టైలర్ షాపు పైన. వెళ్లి చూశా. టేబుల్ మీద స్ప్లైసింగ్ మెషీన్ ఉంది. తెగిన గాజు పోగుల్ని వేడితో అతికించే పెట్టె అది. సొంత మెషీన్ ఉందంటే, తెగినరోజు ఇంకెవరి కోసమో ఎదురుచూడక్కర్లేదు. నేను ప్లాన్ల చార్ట్ కంటే ఆ పెట్టెనే ఎక్కువసేపు చూశాను.

రేట్లలో అందరూ దాదాపు ఒకటే. బోర్డు మీద 499 అని ఉంటే కట్టేది 589, 699 అని ఉంటే 825. 18 శాతం జీఎస్టీ ఎవరికైనా తప్పదు. ఈయన ఓటీటీలు ఇవ్వడు, ఏడాది డిస్కౌంటూ పెద్దగా లేదు. అదే నాకు నచ్చింది, నెలనెలా కట్టుకోవచ్చు. ఏడాది డబ్బు ముందే కట్టేస్తే వాళ్లకి మన ఫోన్ ఎత్తాల్సిన తొందర ఏముంటుంది? అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు అసలే ఆ పని చేయొద్దు. ఓనరు కొడుకు పెళ్లి కుదిరి ఇల్లు ఖాళీ చేయమంటే, ఆ ప్లాన్ కొత్త ఏరియాకి మారుతుందో లేదో ఎవరికి తెలుసు.

ఎయిర్‌ఫైబర్ పెట్టుకోవచ్చుగా అని తను అడిగింది. 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ 5జీ సిగ్నల్‌తో ఇంటికి నెట్ ఇస్తున్నాయి. తీగే రాని చోట అది వరం. కానీ టవర్ మీద జనం పెరిగేకొద్దీ స్పీడు ఊగుతుంది. సినిమాకి ఫరవాలేదు, లాగౌట్లు లెక్కపెట్టే ఉద్యోగానికి నేను దాన్ని మొదటి కనెక్షన్‌గా పెట్టను.

100 ఎంబీపీఎస్ తీసుకున్నాం, అప్‌లోడ్ కూడా అంతే ఉండేది. బిగించడానికి వచ్చిన కుర్రాడు రౌటర్‌ని చెప్పుల స్టాండ్ పైన పెట్టబోయాడు, తీగ అక్కడిదాకానే వచ్చింది కాబట్టి. ఇంకో పన్నెండు మీటర్లు లాగమన్నా. మాది మైవాన్ పద్ధతిలో కట్టిన బిల్డింగు, గోడలన్నీ కాంక్రీటు. అలాంటి గోడ 5 గిగాహెర్ట్జ్ వైఫైని దాదాపు మింగేస్తుంది. నెట్ స్లో అని తిట్టుకునే సగం ఇళ్లలో తప్పు కంపెనీది కాదు, చెప్పుల స్టాండ్‌దే. తన టేబుల్ పక్కనే బాక్సు పెట్టించి, అక్కణ్నుంచి సిస్టమ్‌కి ల్యాన్ కేబుల్ ఇచ్చాం.

వెళ్లబోయే ముందు "పవర్ ఎంత వస్తోంది తమ్ముడూ?" అన్నా. ఇంట్లోకి ఎంత వెలుతురు చేరుతోందో చూపించే చిన్న మీటర్ వాళ్ల దగ్గర ఉంటుంది. మైనస్ 26 వచ్చింది. మైనస్ 27 దాటితే కనెక్షన్ ఊగిసలాడుతుంది. "పని చేస్తోంది కదన్నా" అన్నాడు. ఇవాళ పని చేస్తుంది, కేబుల్ కాస్త వంగితే పోతుంది. మెట్ల దగ్గర తీగని పదునుగా మడిచి మేకు కొట్టారు. అది విప్పి గుండ్రంగా తిప్పితే మైనస్ 20కి వచ్చింది. అతనికి కాస్త చిరాకు వచ్చింది గానీ టీ ఇచ్చాక నవ్వాడు.

ఇంకో చిన్న ఖర్చు పెట్టాం. కరెంటు పోతే ఇంట్లో బాక్సు ఆరిపోతుంది, ఫైబర్ బాగానే ఉన్నా నెట్ పోయినట్టే. మా ఫ్లాట్‌లో జనరేటర్ అందుకునేలోపు అర నిమిషం పడుతుంది, ఆ అర నిమిషానికే లాగౌట్. 12 వోల్టుల చిన్న యూపీఎస్ రౌటర్‌కి పెడితే ఆ బెడద పోయింది. పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు. తన ఫోన్‌లో ఇంకో కంపెనీ సిమ్ వేశాం, హాట్‌స్పాట్‌కి. రెండూ ఒకే కంపెనీవైతే రెండూ ఒకేసారి పోయే ప్రమాదం ఉంది.

జూన్‌లో ఒక్కసారీ పోలేదు. జూలైలో రెండుసార్లు పోయింది. మొదటిది ఇసుక లారీ తగిలి వీధిలో తీగ తెగినప్పుడు, గంటా పది నిమిషాలు. ఆపరేటర్ తనే వచ్చాడు, లుంగీ మీద. రెండోది అర్ధరాత్రి, తను పనిలో లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో తను గీతలు పెడుతోంది, పాలవాడి లెక్కల పక్కనే. నెలకి మూడు గీతలు దాటకూడదు.

వచ్చే నెల వినాయక చవితి. మా వీధి చివర ఈసారి పదిహేను అడుగుల విగ్రహమట. నిమజ్జనం రోజు ముందు ఇద్దరు కుర్రాళ్లు కర్రలతో వైర్లు పైకెత్తిపట్టుకుని నడుస్తారు. ఆ కర్రలు కర్రలే కావాలి, ఇనుప పైపులు కాకూడదని కమిటీ వాళ్లకి మా ఆపరేటర్ ఇప్పటికే రెండుసార్లు చెప్పొచ్చాడట. తను ఆ రోజుకి సెలవు పెట్టేసుకుంది.