ఆపిన బంతుల లెక్క

ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది ఉంటారని మగపిల్లలున్న ప్రతి తల్లికీ తెలుసు. అందులో పదిమంది పరిగెడతారు. పదకొండోవాడు గుమ్మం దగ్గర నిలబడతాడు. ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తూ ఉన్న గుమ్మం! దానికి తలుపుల్లేవు. ఉన్న తలుపల్లా ఆ మనిషే. గోలు కొట్టినవాణ్ణి భుజాలమీద ఎత్తుకుంటారు. గోలు ఆపినవాణ్ణి చూసి, "అది అతని డ్యూటీయే కదా" అంటారు. ఒక్కటి వదిలేశాడో, "నిద్రపోతున్నావా అక్కడ?" అని మైదానమంతా ఒక్క గొంతుతో అడుగుతుంది.

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? ఏడాది పొడుగునా కమ్మగా కుదిరిన పులుసు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఉప్పెక్కువైన ఆ ఒక్కరోజు సంగతి మాత్రం పదేళ్ళ తర్వాత పెళ్ళిపందిట్లో కూడా చెప్పుకుంటారు. అందుకే కాబోలు, ఆ ఆటలో ఓనమాలు రాని నాకు కూడా గోల్‌కీపరంటే అభిమానం. గోల్‌కీపర్లందరిలోనూ రష్యావాడు లెవ్ యాషిన్ అంటే మరీను.

యాషిన్ 1929 అక్టోబరు 22న మాస్కోలో పుట్టాడు. ఫ్యాక్టరీ కూలీల కుటుంబం. యుద్ధం వచ్చిపడింది. మన పిల్లలు జామచెట్లెక్కే వయసులో, పదమూడేళ్ళయినా సరిగా నిండకుండా, ఆయుధాల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పద్ధెనిమిదేళ్ళు వచ్చేసరికి మనసు మొరాయించింది. దేనిమీదా ఇష్టం లేదు. ఒకనాడు ఇల్లూ, పనీ రెండూ వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో చెప్పకుండా పని మానడమంటే నేరం. ఎవరో సలహా చెప్తే, ముందుగానే సైన్యంలో చేరి గట్టెక్కాడు. అక్కడ ఆడుతుండగా డైనమో మాస్కో క్లబ్బు శిక్షకుడు అర్కాది చెర్నిషోవ్ కంట్లో పడ్డాడు.

ఇక దశ తిరిగిందనుకుంటున్నారా? 1950లో ఆడిన తొలి ఆటల్లోనే తలవంపులు. అవతలి గోల్‌కీపరు అక్కణ్ణించి తన్నిన బంతిని పట్టుకోబోయి, తన జట్టువాణ్ణే ఢీకొన్నాడు. బంతి తాపీగా వెళ్ళి గోల్లో పడింది. ఆ తర్వాత మూడేళ్ళపాటు పెద్ద జట్టులో చోటు దక్కలేదు. ఊరికే కూర్చోకుండా మంచుమీద ఆడే హాకీలో గోలు కాశాడు. 1953లో ఆ ఆటలో సోవియట్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ ఏడే ఫుట్‌బాల్ గుమ్మం కూడా అతని చేతికొచ్చింది.

అప్పట్నించీ మరి వెనక్కి చూడలేదు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. 1960లో పారిస్‌లో యుగోస్లావియాని ఓడించి మొట్టమొదటి యూరప్ దేశాల కప్పు. ముదురురంగు బట్టలు వేసుకుని, చేతులు బారచాపి ఎటుపడితే అటు ఎగిరేవాడని 'నల్ల సాలీడు' అని పేరు పెట్టారు. గుమ్మాన్నే అంటిపెట్టుకోకుండా ముందుకొచ్చి బంతిని ఆపేవాడు. తనవాళ్ళకి ఎవరెక్కడ నిలబడాలో కేకలేసి చెప్పేవాడు. మైదానంలో మరీ అంత అరుస్తారేమిటని భార్య వాలెంతీనా కూడా అనేదిట!

ఇంతలో 1962 వచ్చింది. చిలీలో ప్రపంచ కప్పు. కొలంబియామీద 4-1తో ముందున్న సోవియట్ జట్టు చివరికి 4-4తో బయటపడింది. అందులో ఒక గోలు కార్నర్ నుంచి తన్నిన బంతి తిన్నగా వచ్చి పడినది. తర్వాత చిలీ చేతిలో 2-1తో ఓడిపోయి ఇంటిదారి పట్టారు. ఆ మ్యాచ్‌లు సోవియట్ జనం కళ్ళారా చూడలేదు. అంత దూరాన్నించి టీవీ ప్రసారాలు లేవు. పేపర్లో రాసిందే వేదం. తప్పంతా యాషిన్‌దే అని రాశారు. ఇంకేముంది? ఇంటి కిటికీల అద్దాలు పగిలాయి. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. మాస్కో మైదానంలో అడుగుపెడితే ఈలలూ, గోలానూ. ముప్ఫైరెండేళ్ళ మనిషి, ఇక ఆట మానేద్దామనుకున్నాడు. ఊరొదిలి, నీళ్ళ ఒడ్డున గాలమేసుకుని కూర్చున్నాడు.

ఆ చేపలు ఏం చెప్పాయో గానీ, తిరిగొచ్చాడు. మళ్ళీ అదే గుమ్మంలో నిలబడ్డాడు. 1963లో డైనమోకి లీగు విజయం. అతను ఆడిన 27 మ్యాచ్‌ల్లో గోల్లో పడినవి ఆరంటే ఆరు. ముప్ఫైనాలుగో పుట్టినరోజు మర్నాడు లండన్‌లోని వెంబ్లీలో, ప్రపంచ జట్టు తరఫున ఇంగ్లండుమీద ఆడాడు. ఉన్న సగం ఆటలో ఒక్క గోలూ పోనివ్వలేదు. ఇంగ్లండు కొట్టిన రెండు గోళ్ళూ అతను దిగిపోయాకే. ఆ ఏడాది యూరప్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడికిచ్చే బంగారు బంతి అతనికే ఇచ్చారు. ఆ బహుమతి అందుకున్న గోల్‌కీపరు ఇప్పటికీ ఆయనొక్కడే.

1971లో మాస్కో లెనిన్ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్‌కి దాదాపు లక్షమంది వచ్చారట. ఆ చప్పట్లు కొట్టిన చేతుల్లో, తొమ్మిదేళ్ళ కిందట రాయి విసిరిన చెయ్యి కూడా ఉండే ఉంటుంది. జనం ఎక్కడైనా జనమే.

తర్వాత జబ్బు ముదిరి, అంత ఎత్తు ఎగిరిన మనిషికి ఒక కాలు తీసేయవలసి వచ్చింది. 1990 మార్చి 20న పోయాడు. 2019 నుంచి ఏటా ఉత్తమ గోల్‌కీపరుకి ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు.

నాకు తమాషాగా తోచేదేమిటంటే, గోల్లో పడిన బంతుల్ని ఒక్కటి కూడా తప్పిపోకుండా రాసిపెట్టారు. పన్నెండు గజాల దూరాన్నించి తన్నే పెనాల్టీలు ఆయన ఎన్ని ఆపాడని అడిగితే మాత్రం, "నూట యాభైకి పైనే" అంటారు. అదీ అంచనాయే! ఆ 'పైనే' అన్న చిన్నమాటలో ఎంత చాకిరీ దాక్కుని ఉందో, ఈ పేజీ చదివేవాళ్ళకి నేను వేరే చెప్పాలిటండీ?