కాటిసీను రికార్డు

మా ఇంట్లో ఒక ఇనప పెట్టె ఉండేది. అందులో బట్టల్లేవు, బంగారం లేదు. నల్లటి గుండ్రటి రికార్డులుండేవి. వందకి పైమాటే. వాటిని వినడానికి మాకు మిషను లేదు. ఆ మాటకొస్తే నేను ఏడో తరగతికి వచ్చిందాకా మా ఇంటికి కరెంటు మీటరే లేదు. పాట వినలేని ఇంట్లో పాటల పెట్టె ఎందుకుందో చెప్పాలంటే మా తాత సంగతి చెప్పాలి.

మాది పల్నాడు. వినుకొండ పొయ్యే రోడ్డు మీద ఒక ఊరు. ఊరికి ఎడంగా మాదిగపల్లె. మా తాత తండ్రి డప్పు కొట్టేవాడు. పెళ్లికీ చావుకీ తిరనాళ్లకీ డప్పే. మా తాత వయసుకొచ్చేసరికి మైకుసెట్లు వచ్చినయ్. పెళ్లి ఊరేగింపులో డప్పు పని సగం పోయింది. పొట్ట గడవక మా తాత టౌన్లో ఒక మైకుసెట్టు కొట్లో జీతానికి కుదిరాడు. మా కూడు లాక్కున్న పాట దగ్గరే కూటికి చేరాడు.

హారన్లు భుజాన మోసుకుపోవాలి. వేపచెట్టెక్కి కట్టాలి. బ్యాటరీ ఎత్తాలి, దించాలి. రికార్డు పెట్టేది మాత్రం ఓనరు కొడుకు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక పక్క మూడు నిమిషాలో మూడున్నరో పాడుద్ది. అది ఆగేలోపు ఇంకోటి సిద్ధంగా ఉండాలి. రాత్రి పదకొండు దాటితే ఓనరు కొడుక్కి నిద్రొచ్చేది. అప్పుడు మా తాత చేతికి ముల్లు వచ్చేది. తెల్లవార్లూ ఆయనే ఏసేవాడు.

మా తాతకి చదువు రాదు. లేబులు మీద కుక్క బొమ్మ చూసి పోల్చుకుందామంటే అన్నిటి మీదా అదే కుక్క. అందుకని మేకుతో లేబులు అంచున గీతలు గీసుకున్నాడు. పెళ్లి పాటకి ఒక గీత. దేవుడి పాటకి రెండు. పద్యాలకి ఇంటూ గుర్తు. మా వంశంలో మొదటిసారి ఏదన్నా రాసిందంటే ఆ మేకే.

పాటకి అంటు లేదు. పెళ్లిపందిట్లో కట్టిన హారను మోత ఊరు దాటి, వాగు దాటి మా పల్లె దాకా వచ్చేది. మా నాయనమ్మ గుడిసె ముందు కూచుని వినేదంట. "అదుగో, మీ తాత ఏస్తన్నాడు" అని పిల్లలకి చెప్పేదంట. ఆ పాట ఏసిన మనిషి మాత్రం బంతిలో కూచోటానికి లేదు. అందరూ తిని లేచాక పశువుల కొట్టం పక్కన విస్తరి. రికార్డుని ముట్టుకోవచ్చు, నీళ్ల బిందెని ముట్టుకోగూడదు.

అర్ధరాత్రి దాటాక పెద్దమనుషులు మంచాల మీద నుంచే కేకేసేవాళ్లు. "ఒరేయ్, కాటిసీను ఎయ్యరా!" హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను. ఇంటూ గుర్తు రికార్డు. రాజు కాటికాపరి అయ్యాడని విని ఊరంతా కళ్లొత్తుకునేది. మా తాత అన్న ఆ ఊరి కాటిలోనే గుంటలు తవ్వేవాడు. జ్వరంతో ఉన్నా తవ్వాడు, వానలోనూ తవ్వాడు. ఆయన కోసం ఎవరూ కళ్లొత్తుకోలేదు.

నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కాటిసీనులో జనం ఒన్స్‌మోర్ కొట్టే శ్మశానం పద్యాలు మాత్రం గుర్రం జాషువా గారివి. 1895లో మా వినుకొండలోనే పుట్టి, అంటరానితనాన్ని ఒళ్లంతా అనుభవించిన కవి. ఆ పద్యాలు ఒక్క ముక్క పొల్లుపోకుండా మా తాతకి వచ్చు. అవి రాసింది మనోడని మాత్రం చాన్నాళ్లు తెలవదు. మంచం మీద పడుకుని కేకేసిన పెద్దమనిషికి తెలుసో లేదో. తెలిస్తే ఎయ్యమనేవాడా?

1985 జూలైలో కారంచేడు జరిగింది. మాదిగల్ని వెంటాడి చంపారు. ఆ కబురుతో పల్లెలన్నీ కుతకుత ఉడికినయ్. మా పల్లె కుర్రాళ్లు మీటింగు పెట్టుకుందామని మైకు అడిగారు. ఓనరు ఇయ్యనన్నాడు. మా తాత ఏ ధైర్యంతో చేశాడో, ఆ రాత్రి ఒక హారనూ బ్యాటరీ తెచ్చి మా చర్చి ముందు వేపచెట్టుకి కట్టాడు. వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాడొకడు జాషువా ఎవరో ఆ మీటింగులో చెప్పాడు. మా తాత నోరు తెరుచుకుని విన్నాడంట. "అయితే ఇన్నేళ్లు నేనేసింది మనోడి మాటేనా?" అని పదిసార్లు అడిగాడంట.

తెల్లారేసరికి పని పోయింది. ఎనిమిది నెలల జీతం బాకీ. అడగబోతే, అప్పటికి టేపురికార్డర్లు వచ్చినయ్ కదా, మూలన పడున్న ఇనప పెట్టె చూపించి, "ఆ రికార్డులు పట్టుకుపోరా. నీ బాకీ తీరిపోయింది" అన్నాడంట ఓనరు. మా తాత ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని తొమ్మిది మైళ్లు నడిచి వచ్చాడు. మా ఇంట్లోకి పాటలు వచ్చింది అట్లా.

మా తాత 2003లో పోయాడు. 2007లో నేను డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనే మొదలు. పరీక్ష ఫీజు గడువు రేపనగా మా నాయన కూలి డబ్బులు అందలేదు. పాత సామాన్లోడు సైకిలు మీద వచ్చాడు. మాయమ్మ పెట్టె తెరిచింది. రికార్డులు ఇరవై రెండు కేజీలు తూగినయ్. కేజీ ఎనిమిది రూపాయలు. 176 రూపాయలు. పెట్టె ఇనుముకే ఎక్కువ వచ్చేది గానీ, మాయమ్మ పెట్టె అమ్మలేదు. మిగతా ఫీజుకి పక్కింట్లో బదులు తెచ్చింది. నేను కాలేజీకి పరిగెత్తాను. తాత రాత అమ్ముకుని నా రాత దిద్దుకున్నానని ఆ రోజు తోచలేదు. బస్సు అందుద్దో లేదో అన్నదొక్కటే దిగులు.

పోయిన ఏడు హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ దగ్గర ఒక పాత సామాన్ల కొట్టు ముందు ఆగాను. రికార్డులు అట్ట కవర్లలో నిలబెట్టి ఉన్నయ్. ఒక్కోటి తీసుకుంటా పోతే కాటిసీను దొరికింది. చెయ్యి వణికింది. లేబులు అంచు చూశాను. ఇంటూ గుర్తు లేదు. మా తాతది కాదు.

"ఎంత?"

"మూడు వేల ఐదొందలు మేడమ్."

మా పెట్టె మొత్తానికి వచ్చినదానికి ఇంచుమించు ఇరవై రెట్లు. "మీరు కేజీల లెక్కన కొన్నదే గదా?" అన్నాను. నా గొంతులో కోపం ఆయనకి వినపడింది. "అవును మేడమ్. ఇరవై కొంటే పదిహేను పగిలినవే. కడగాలి, కవరెయ్యాలి, వానకి తడవకుండా కాపాడాలి. ఏడాదికి ఒకటి పోతే పోద్ది, లేకపోతే లేదు. నేనూ బతకాలి గదా?" అన్నాడు. చిరిగిన చొక్కా. ఆయన్ని దోపిడీదారు అనటానికి నాకు నోరు రాలేదు.

నా పక్కనే ఒకాయన నాలుగు రికార్డులు తీసుకున్నాడు. వినలేదు. ఫోనుతోనే డబ్బులు కట్టేశాడు. మిషను ఉందా అని అడిగితే, "లేదండీ, ఫ్రేము కట్టించి హాల్లో గోడకి తగిలిస్తాను" అన్నాడు. మంచి మనిషే. నవ్వుతా చెప్పాడు. ఆయన గోడ మీద రికార్డు ఉంటది. అందులో ఉన్నదేందో ఆయనకి తెలవదు. మా తాతకి అదంతా నోటికొచ్చు, ఆయన మనవరాలి ఇంట్లో రికార్డు లేదు.

ధర ఎందుకు పెరిగిందో నాకు అర్థం కాకపోలేదు. పాత రికార్డు ఇక పుట్టదు. లక్క, రాతిపొడి, మసి కలిపి చేసింది. కిందపడితే పెంకు లెక్కన పగులుద్ది. ఏటేటా తగ్గేదే. కొనేవాళ్లు మాత్రం పెరిగారు. అమెరికాలో 2022లో రికార్డులు సీడీల కంటే ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అదే మొదటిసారి. రికార్డు అచ్చుకి ముందు పాట చెక్కే పూతబిళ్లలు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో రెండే ఉంటే, కాలిఫోర్నియాలో ఉన్నది 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. ఇంకో పక్క పెద్ద కంపెనీలు పేరున్న గాయకుల రికార్డులు లక్షల్లో అచ్చుకిచ్చి ఫ్యాక్టరీల వరస నింపేస్తే చిన్నవాళ్లు నెలల తరబడి కాచుకున్నారు. మన దగ్గర కొత్త ఎల్పీ కొనాలన్నా రెండు మూడు వేలు పెట్టాల్సిందే. ఉపాధి పనికి పొయ్యే మనిషికి అది పది రోజుల కూలి.

ఈ ధరలు అభిమానులకి అన్యాయమని రికార్డులు సేకరించేవాళ్లు వాపోతుంటారు. నిజమే. కానీ అభిమాని అంటే ఎవరు? కొనేవాడొక్కడేనా? వాగుకి ఇవతల గుడిసె ముందు కూచుని విన్న మా నాయనమ్మ అభిమాని కాదా? తెల్లవార్లూ ముల్లు మార్చిన మా తాత? ఛోటానాగపూర్ అడవుల్లో కొమ్మల మీద లక్క గీకి తెచ్చిన ఆదివాసి? ఆ లక్క లేకపోతే పాత రికార్డే లేదు. నా కళ్లముందు చేతులు మారిన మూడు వేల ఐదొందల్లో పాడినవాళ్లకి పైసా లేదు, పద్యం రాసిన కవి వారసులకి పైసా లేదు, మోసినోళ్లకి మొదట్నుంచీ లేదు. ధర పెరిగినప్పుడు మాకు వాటా లేదు, ధర లేనప్పుడు మాత్రం జీతం కింద మాకే అంటగట్టారు.

నేనడిగేది రికార్డు చవగ్గా ఇమ్మని కాదు. వస్తువు గోడకి తగిలించుకునేవాళ్లు తగిలించుకోనీ. గొంతుని బయటికి వదలండి. మన చట్టం ప్రకారం రికార్డు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు దాటితే ఆ శబ్దం మీద కంపెనీకి హక్కు ఉండదు. పద్యం మీద హక్కు వేరు, అది కవి పోయాక 60 ఏళ్లు. జాషువా గారు 1971లో పోయారు, ఆ కుటుంబానికి రావాల్సింది రావాలి. మిగతాదానికి అడ్డమేంది? యూనివర్సిటీలున్నయ్, జిల్లా గ్రంథాలయాలున్నయ్. సేకరించినవాళ్ల దగ్గర ఒక్కరోజు రికార్డు అడిగి తెచ్చి కాపీ చేసి పెడితే మా బడి పిల్లలు ఊరికే వినొచ్చు. విద్యార్థి మిత్రులారా, మీ యూనివర్సిటీలో ఇది అడగండి. పుస్తకం ఎట్లా అడిగామో పాటా అట్లానే అడగాలి.

నేను రికార్డు కొనలేదు. ఒక్కసారి ఎయ్యమన్నాను. ఫోన్లో ఎక్కించుకుంటానన్నాను. "అందరూ ఫోన్లో ఎక్కించుకుంటే ఇంక కొనేదెవరు మేడమ్?" అన్నాడాయన. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. రెండొందలు ఇచ్చాను. తీసుకున్నాడు. ఒక పక్క ఏశాడు. బస్సుల మోత మధ్య గరగరమంటా మొదలైంది.

ఇంటికొచ్చి మాయమ్మకి వినిపించాను. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది. అయిపోయాక, "ఎంతంట ఇప్పుడు?" అంది. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఎర్రిదాన్ని. ఎనిమిది రూపాయలకి తూకమేశా" అంది.

"ఆ డబ్బులే గదమ్మా నాకు పరీక్ష రాయించింది" అన్నాను.

మాయమ్మ ఒప్పుకోలేదు. "నీ ఫీజు మీ తాత జీతంతో కట్టాల్సింది. ఆయన జీతం ఆయనకిస్తే పెట్టె ఇంట్లోకి వచ్చేదే కాదు, నేను అమ్మేదాన్నీ కాదు" అంది.

ఇనప పెట్టె ఇప్పటికీ ఉంది. అందులో నా సర్టిఫికెట్లు పెట్టుకున్నాను. జీతాల రోజు వచ్చినప్పుడల్లా అది కంటపడుద్ది. మా తాత ఎనిమిది నెలల జీతం ఇంకా బాకీనే.