ఏక్‌బాల్‌పూర్‌లో రెండు అలమరలు

కలకత్తా మహానగరంలో ఖిదిర్‌పూర్ రేవుకు కూతవేటు దూరాన ఏక్‌బాల్‌పూర్ అనే పేట ఉన్నది. దర్జీ దుకాణాలు, కబాబు పొగలు, ఓడలో సరుకు దిగిందంటే పొద్దుపోయేదాకా ఆగని బండ్ల రొద. ఈ సందుల్లో ఒకదానిలో, రెండు గదుల అద్దె వాటాలో, ఒక తెలుగు పెద్దమనిషి యాభై ఏళ్ళకు పైగా కాపురమున్నాడు. విజయనగరం ప్రాంతంవాడు. 1968లో, ఇరవై రెండేళ్ళ వయసులో, గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో గుమస్తాగా చేరడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. వాల్తేరు వైపునుంచి ఆ కార్యాలయానికి వచ్చిన తెలుగువారు చాలామందే. కాని జీతంలో నాలుగోవంతు పాటల పళ్ళేలకు ధారపోసినవాడు బహుశా ఈయన ఒక్కడేనేమో!

ఆయన ఇంట్లో రెండు అలమరలుండేవి. ఒకటి చిన్నది, అద్దాల తలుపులది. రెండవది గోడంత పొడుగు. దానికి తలుపులు లేవు, ఉన్నా మూసుకునేవి కావు.

చిన్న అలమరలో వాద్యబృందాల రికార్డులు. ఫ్యాన్సీ మార్కెట్‌లో ఓడ కళాసులు అమ్ముకుపోయినవి కొన్ని, ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల దుకాణాల్లో బేరమాడి తెచ్చినవి మరికొన్ని. వాటిలో ఆయనకు ప్రాణప్రదమైనవి మూడే మూడు: మహీనేర్ ఘోరాగులి అనే కలకత్తా బృందంవారివి. జీవనానంద దాసు కవితలోని మాటను పేరుగా పెట్టుకున్న ఆ బృందం 1975లో పుట్టింది. 1977లో ఒకటి, 1978లో ఒకటి, 1979లో ఒకటి రికార్డులు వెలువరించి, 1980ల ఆరంభంలోనే చెదిరిపోయింది. మూడింటిలోనూ కలిపి పాటలు పదికి మించవు. ఆ రోజుల్లో కొన్నవారు తక్కువ, నవ్వినవారు ఎక్కువ. బెంగాలీ పాటకు గిటారేమిటని ఆఫీసులో బెంగాలీ సహోద్యోగులే ఈ తెలుగువాణ్ణి ఎగతాళి చేసేవారు.

మూడు రికార్డులు, మూడు సంవత్సరాలు: ఇంత ముచ్చటైన జాబితా సేకర్తకు ఎక్కడ దొరుకుతుంది? మూడవది చేతికందిన సాయంత్రం ఆయన వాటిని వరుసగా నిలబెట్టి, అలమర తలుపు మూసి, ఇరుగుపొరుగు పిల్లలకు మిఠాయి పంచిపెట్టాడట.

అయితే ఆ తృప్తిని కాలం ఎక్కువకాలం నిలవనియ్యలేదు. 1995లో బృందనాయకుడు గౌతమ్ చటోపాధ్యాయ సంపాదకత్వంలో కొత్త సంకలనమొకటి వెలువడింది. దాని వెనుక మరి మూడు. వాటిలో పాతవారి పాటలతోపాటు ఎందరో కుర్ర గాయకుల పాటలున్నవి. ఇవి ఆ బృందానివేనా, కావా? లెక్కలో చేర్చాలా, వద్దా? ఈ తగవు కలకత్తా కాఫీ హోటళ్ళలో ఏళ్ళ తరబడి సాగింది. గౌతమ్ 1999లో కన్నుమూశాడు. తీర్పు చెప్పగలిగిన మనిషి అలా వెళ్ళిపోయాడు. ఏక్‌బాల్‌పూర్ గుమస్తా మాత్రం ఆ నాలుగింటినీ కొని, వినీ, అద్దాల అలమరలో పెట్టక దానిపైన పెట్టాడు. అది ఆయన తీర్పు!

నిజానికి పరిశుభ్రమైన జాబితా అనేది దూరంనుంచి చూస్తేనే పరిశుభ్రం. లోకప్రసిద్ధులైన బీటిల్స్ సంగతే చూడండి. 1963 నుంచి 1970 వరకు ఇంగ్లండులో పన్నెండు ఆల్బములు. వేళ్ళమీద లెక్కపెట్టగల సంఖ్య. కాని 1967 దాకా అమెరికా కంపెనీ అవే పాటలను విడగొట్టి, వేరే పేర్లతో, వేరే వరుసలతో అమ్ముకుంది. 1987లో సీడీలు వచ్చినప్పుడు బ్రిటిష్ వరుసనే ప్రమాణంగా స్థిరపరచారు. ఎందులోనూ ఇమడని పాటలను మరుసటి ఏడు రెండు సంపుటాలుగా కూర్చారు. ఇక మన డమ్‌డమ్ కర్మాగారం చేసిన చిత్రం వేరు. పాశ్చాత్య దేశాలు 78 వేగపు లక్క పలకలను ఎన్నడో వదిలేసిన తరువాత కూడా, కరెంటు లేని మన ఇళ్ళలో కీ ఇచ్చే గ్రామఫోన్లు ఉన్న కారణాన, 1960లలో బీటిల్స్ పాటలను ఇక్కడ లక్క పలకలమీదనే అచ్చొత్తారు. ఆనాడు ఎవరూ పట్టించుకోని ఆ పలకలకోసం ఇవాళ దేశదేశాల సేకర్తలు అర్రులు చాస్తున్నారు.

మరోవైపు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బృందమున్నది. 1965 నుంచి 1995 వరకు రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేసింది. శ్రోతలు టేపు చేసుకోవడానికి అభ్యంతరం లేదు సరికదా, 1984 నుంచి అందుకు ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. అటువంటి బృందాన్ని పూర్తిగా సేకరించడమంటే సముద్రాన్ని చెంబుతో తోడడమే. అయినా తోడేవారున్నారు.

ఏక్‌బాల్‌పూర్ ఇంట్లో ఆ సముద్రం పేరు ఘంటసాల.

పొడుగాటి అలమర నిండా ఆయనే. 1940ల మధ్యనుంచి 1974లో మరణించేవరకు సినిమాలకు పాడినవి, పద్యాలు, ప్రైవేటు పాటలు, తెలుగులోనే కాక తమిళ కన్నడాలలో పాడినవి. నిర్యాణానంతరం విడుదలైన భగవద్గీత. మొత్తం ఎన్ని అంటే ఒక్కొక్కరిది ఒక్కొక్క లెక్క. పైగా సినిమాలో వినిపించిన పాట వేరు, మూడు నిమిషాలకు కుదించి రికార్డుకిచ్చిన పాట వేరు. ఒక పాట రెండు పక్కలకు సాగితే మధ్యలో లేచి పలక తిరగెయ్యాలి. మద్రాసులో పాడిన ఆ పాటలు అచ్చయింది మాత్రం కలకత్తా డమ్‌డమ్‌లోనే. తన మాతృభాష తన ఊరికన్న ముందు ఈ ఊళ్ళోనే పలక రూపం దాలుస్తున్నదని తెలిసిన రోజున ఆ గుమస్తా పరవశించిపోయాడు.

ఈ అలమరకు ఒక నోటుపుస్తకముండేది. అందులోని అక్షరాలు ఆయనవి కావు, ఆయన భార్యవి. ఆయన రికార్డు తెచ్చి సంఖ్య చదివేవాడు. ఆమె సంఖ్య, చిత్రం, పాట మొదలు, కొన్న తేదీ రాసేది. తెలిసిన పాటలకు, ఇంకా దొరకనివాటికి, పేరు మాత్రం రాసి పక్కన గళ్ళు ఖాళీగా ఉంచేది. కొత్త పలక వచ్చిన రోజు కూర ఒకటి తగ్గుతుందని ఆమెకు తెలుసు, అయినా రాసేది. 2016లో ఆమె పోయింది. తరువాత దొరికిన రికార్డుల వివరాలు ఆయన చీటీలమీద రాసి పుస్తకంలో పెట్టాడే తప్ప, ఆ గళ్ళలో తన చేతిరాత పెట్టలేకపోయాడు.

గత శీతకాలంలో విశాఖపట్నంనుంచి కొడుకు వచ్చాడు. తండ్రికి ఎనభై దగ్గరపడింది, మెట్లు ఎక్కలేకపోతున్నాడు. “అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా నాన్నా, ఈ బరువెందుకు? మా ఇంట్లో ఒక్క అలమరకే చోటుంది” అన్నాడు. కుర్రవాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఏ అలమర? తెలిసినవారంతా చిన్నదే అన్నారు. తేలిక, విలువైనది, ఆ మూడు రికార్డులకు ఇవాళ వచ్చే ధరతో కొత్త గ్రామఫోను కొనుక్కోవచ్చు. లక్క పలక ఒక్కొక్కటి సుమారు 200 గ్రాములు. వందలకొద్దీ మూటగడితే కూలీ మొయ్యడు, జారితే పెంకులే.

ఆయన మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు కింది వాటాలోని దర్జీని పిలిచి, గిటారు నేర్చుకుంటున్న అతని మనుమడికి చిన్న అలమర ఇచ్చేశాడు, తాళంచెవితో సహా. “ఇదేమిటి భాయ్‌సాబ్, దీనికోసం ఎంత తిరిగారు!” అని దర్జీ నొచ్చుకున్నాడు. “తిరగడం అయిపోయిందిగా” అన్నాడాయన. కుర్రవాడు మొదట చేసిన పని, పైనున్న నాలుగు సంకలనాలను తీసి అలమరలోపల పెట్టడం. ఆయన చూసి, ఏమీ అనలేదు.

లక్క పలకలను పాత చీరలలో చుట్టారు. చీరలెవరివో చెప్పనక్కరలేదు. పదకొండు పెట్టెలయినవి. రైల్లో ఆయన నోటుపుస్తకాన్ని పెట్టెలో పెట్టనివ్వక ఒళ్ళోనే ఉంచుకున్నాడు. దారిలో మూడు పలకలు పగిలినవి.

విశాఖపట్నం చేరిన నెలకు దర్జీ ఫోను చేశాడు. ఇల్లు ఖాళీ చేశాక సున్నం వేయించబోతుంటే, పొడుగాటి అలమర ఉన్న గోడవార ఒక పలక దొరికిందట. అంచు కొంచెం చితికిందిగాని పాడుతుందట. పైన ఇంగ్లీషు అంకెలున్నాయి, చదవమంటారా అని అడిగాడు.

ఆయన ఆగమని చెప్పి, కళ్ళజోడు వెతుక్కుని, పుస్తకం తెరిచాడు. ఆ సంఖ్య ఏ పుటలోనూ లేదు. కోడలిని పిలిచి కలం అడిగాడు. చీటీకోసం చూసి, చీటీ కనపడక, ఒక ఖాళీ గడిలో ఆమె అక్షరాల కిందనే అంకెలు ఒక్కొక్కటిగా వెయ్యసాగాడు. అవతల దర్జీ రెండోసారి, నెమ్మదిగా, మొదటినుంచి చదువుతున్నాడు.