ఊపిరి కుదిరాక కాళ్లు

నిద్ర ఎంత దీవెనో అది కరువైన ఇంటికే తెలుసు. మా దంపతులలో ఒకరికి నిద్రలో ఊపిరి 10 సెకన్లకు పైగా ఆగేది. అది మళ్లీ వచ్చేదాకా రెండోవారికి ప్రాణం గుప్పిట్లో ఉండేది. పైగా పడుకోగానే పిక్కల్లో పురుగులు పాకినట్టై కాళ్లు నిలిచేవి కావు.

డాక్టరుగారు సీప్యాప్ మిషను రాశారు. మాస్కులోంచి వచ్చే గాలి గొంతు మూసుకుపోనివ్వదు. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టరు పెట్టుకున్నాం. నిద్ర తెగడం తగ్గేకొద్దీ కాళ్ల బాధా చాలావరకు తగ్గింది. అందరికీ అలా తగ్గదు. మాకు మిగిలిన కాస్తకు రక్తంలో ఫెరిటిన్ చూశారు. 75 కన్నా తక్కువుంటే ఐరన్ ఇస్తారట, ఇచ్చారు.

గురకను నవ్వి వదిలేయకండి, కాళ్ల తీపులను వయసు మీదికి నెట్టకండి. రెండూ కలిపి డాక్టరుగారికి చెప్పండి.